టిక్కు శబ్దం, వదులైన రబ్బరు: ఒక క్లాసిక్ 350 ఆయిల్ ఫిల్టర్ కేసు

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. 2016 మోడల్, కార్బురేటర్ బండి, లోపల యూసీఈ ఇంజన్, అంటే ఇంజన్, గేరుబాక్సు ఒకే కేసులో ఉండే రకం. నా షెడ్డుకు వచ్చిన రోజు మీటర్ మీద 40,100 కిలోమీటర్లు. ఓనర్ చంద్రగిరి కుర్రాడు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పోనూ రానూ రోజుకు యాభై కిలోమీటర్లు తిరుగుతాడు, నెలకోసారి తిరుమల కొండకు పోతాడు. బండిని బాగా చూసుకునే రకం. 38,200 దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చింది కూడా తిరుపతి కొర్లగుంటలో నా షెడ్డులోనే, నా చేత్తోనే. ఈ కేసులో ఆ సంగతే ముఖ్యం కాబట్టి ముందే చెబుతున్నా.

అతను చెప్పింది ఇది: "అన్నా, పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్కు టిక్కుమంటాది. రెండు నిమిషాలకు పోతాది. నాలుగు దినాల నుంచీ ఇట్నే ఉండాది."

ఈ ఇంజన్‌లో టిక్కు శబ్దం అంటే ముందు మూడు చోట్ల వెతకాలి. ఒకటి సైలెన్సర్ బెండు హెడ్డుకు కలిసే చోటు. అక్కడి ప్యాకింగ్ పోతే చల్లగా ఉన్నప్పుడు టిక్కుమంటుంది, ఇనుము వేడెక్కి సాగాక సందు మూసుకుని శబ్దం తగ్గుతుంది. అతను చెప్పిన లక్షణం అచ్చం ఇదే. సబ్బు నీళ్లు పోసి స్టార్ట్ చేశా, ఒక్క బుడగ రాలేదు. రెండోది స్ప్రాగ్ క్లచ్, అంటే సెల్ఫ్ మోటార్ తిప్పుడును ఇంజన్‌కు అందించేది. కానీ అది సెల్ఫ్ నొక్కినప్పుడు కటకటమంటుంది, బండి అందుకున్నాక మళ్లీ వినపడదు. కిక్ కొట్టినా ఇక్కడ టిక్కు వస్తూనే ఉంది, కాబట్టి అదీ కాదు. మూడోది టాపెట్లు, అంటే వాల్వులను తెరిచే పుష్‌రాడ్ కడ్డీలను కింది నుంచి నెట్టే ముక్కలు. పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్ మీద, పిడి చెవికి ఆనించి వింటే శబ్దం ఎగ్జాస్ట్ టాపెట్ వైపు నుంచి వస్తోంది.

యూసీఈలో టాపెట్లు హైడ్రాలిక్. పాత బుల్లెట్ లాగా ఫీలర్ గేజ్ పెట్టి సందు సెట్ చేసే పని ఉండదు. ఒక్కో టాపెట్ లోపల చిన్న పిస్టన్ ఉంటుంది, దాని అడుగున ఒకవైపే దారి ఇచ్చే చిన్న బంతి వాల్వు ఉంటుంది. ఆయిల్ లోపలికి పోతుంది, తిరిగి వెనక్కి రాదు. అలా లోపల నిలబడిన ఆయిలే సందు లేకుండా పుష్‌రాడ్‌ను పట్టుకుని ఉంటుంది. ఆ బంతి కింద నలుసు ఇరుక్కుంటే వాల్వు సరిగ్గా మూసుకోదు. రాత్రంతా ఆయిల్ కారిపోతుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మళ్లీ నిండేదాకా టిక్కు టిక్కు. ఇంత తెలిసి కూడా ఆ రోజు నేను నలుసు మాట తలవలేదు.

నా మొదటి తప్పు

ఆయిల్ కిటికీలో మట్టం సరిగ్గానే ఉంది. "మధ్యలో ఏమన్నా పోసినావా?" అని అడిగితే, నెల కింద బంకులో ఒక డబ్బా కొని కాస్త కలిపానన్నాడు. ఏ ఆయిలో గుర్తులేదట. నాకు అంతే చాలు. నేరం ఆ డబ్బా మీద వేసేశా. నిజానికి కారు ఆయిల్ పోస్తే మోటార్ సైకిల్‌లో ముందు జారేది క్లచ్. ఇంజన్, గేరుబాక్సు, క్లచ్ మూడింటికీ ఒకే ఆయిల్ కాబట్టే డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ, అంటే ఆయిల్‌లో తడిసే క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు, ఉండాలని అడుగుతాం. అతని క్లచ్ జారడం లేదు. అది గమనించి కూడా పక్కన పెట్టేశా. దొరికిన కారణం చేతికి అంత దగ్గరగా ఉంటే ఇంకోటి వెతకబుద్ధి కాదు.

పాత ఆయిల్ తీసేసి, కంపెనీ చెప్పిన 15డబ్ల్యూ50 గ్రేడు ఆయిల్ పోసి, ఫిల్టర్ కూడా మార్చి పంపా. ఆ కొత్త ఫిల్టర్ కూడా 38,200 దగ్గర వేసినది వచ్చిన పెట్టెలోదే. తీసిన పాత ఫిల్టర్‌ను కోసి చూడకుండా స్క్రాప్ డబ్బాలో పడేశా. ఈ కేసులో నా చేతులారా పోగొట్టుకున్న సాక్ష్యం అదే.

నాలుగు రోజులు శబ్దం లేదు. ఐదో రోజు మొదలైంది. పదో రోజు అతను కొండకు పోయి వచ్చి, ఇంజన్ వేడి తగ్గకముందే సరాసరి షెడ్డు ముందు ఆపాడు. "ఇప్పుడు పోకుండా అట్నే ఉండాదన్నా, వేడెక్కినా ఆగడంలే." మీటర్ 40,700.

ఈసారి ఊరట ఒక్కటే, లక్షణం మారింది. ఏప్రిల్ ఎండలో అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డులో, గాలితో చల్లబడే ఇంజన్‌ను చిన్న గేర్లలో లాగిస్తే ఆయిల్ బాగా కాగుతుంది, పలచబడుతుంది. పలచబడిన ఆయిల్ చిన్న సందులోంచి కూడా గబగబా కారిపోతుంది. కాబట్టి బంతి వాల్వు సరిగ్గా మూసుకోకపోతే వేడి మీదే శబ్దం ఎక్కువ కావాలి. కొత్త ఆయిల్ పోసిన మొదటి రోజుల్లో శబ్దం ఎందుకు ఆగిందో కూడా దాంతో తేలిపోయింది. అప్పుడు ఆయిల్ చిక్కగా ఉంది, అంతే.

ఫిల్టర్ కోసి చూస్తే

ఫిల్టర్ కవర్ మూడు బోల్టులు విప్పి ఎలిమెంట్ లాగా. వేలు పెట్టి తీస్తే దాని నడిమి రంధ్రం చుట్టూ ఉండే రబ్బరు గ్రోమెట్ నా వేలికే వచ్చేసింది. ఉబ్బి, మెత్తబడి, చెవి తమ్మెలా ఉంది. వేసి పది రోజులే.

ఫిల్టర్ కోసేటప్పుడు హాక్సా వాడకండి. రంపపు పొడి కాగితం మడతల్లోకి దూరుతుంది, తర్వాత ఆ ఇనుప పొడి ఇంజన్‌లోదో రంపానిదో తేలదు. పైమూత, అడుగుమూతల దగ్గర రేకు కత్తెర, కాగితానికి పేపర్ కట్టర్ బ్లేడు చాలు. తీసిన మడతల కాగితాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి వైస్‌లో నొక్కి ఆయిల్ పిండేసి, ఎండలో పరచి చూడాలి. నీడలో చూస్తే ఏమీ కనపడదు. తర్వాత పాత స్పీకర్ నుంచి తీసిన అయస్కాంతం కాగితం కింద పెట్టి కదిపితే ఇనుము ఏది, మిగతాది ఏది తెలిసిపోతుంది. అతని కాగితం మీద ఇనుము పెద్దగా లేదు, క్లచ్ ప్లేట్ల నల్లపొడి మామూలుగానే ఉంది. కొత్తగా అనిపించింది లోపలి వైపు. నడిమి చిల్లుల గొట్టానికి లోపల పసుపు రంగు జిగురు పెచ్చులు అంటుకుని ఉన్నాయి. కాగితాన్ని మూతకు అతికించిన జిగురు అది. గోటితో గీకితే చిన్న చిన్న పలుకులుగా ఊడుతోంది.

ఆయిల్ ఫిల్టర్‌లో బయటి నుంచి లోపలికి నడుస్తుంది. బయటి వైపు ఎంత చెత్త ఉన్నా కాగితం ఆపుతుంది. లోపలి వైపు ఏది ఊడినా ఆపేవాడు లేడు. అక్కడి నుంచి నేరుగా ఆయిల్ దారుల్లోకి, టాపెట్లలోకి పోతుంది. అంటే చెత్తను ఆపాల్సిన వస్తువే దాన్ని శుభ్రమైన వైపు నుంచి ఇంజన్‌కు వడ్డిస్తోంది.

ఇంజన్ పై భాగం విప్పి టాపెట్లు బయటికి తీశాం. ఎగ్జాస్ట్ టాపెట్‌ను డీజిల్‌లో ముంచి నొక్కితే గట్టిగా నిలబడకుండా మెత్తగా దిగిపోయింది. ఇన్‌టేక్ గట్టిగా ఉంది. ఎగ్జాస్ట్‌ది విప్పితే బంతి పక్కన ఆవగింజలో సగం కూడా లేని పసుపు పలుకు. నా దగ్గర పనిచేసే అబ్బోడు దాన్ని అగ్గిపెట్టెలో పత్తి మీద పెట్టి దాచాడు, ఇప్పటికీ డ్రాయర్‌లో ఉంది. రెండు టాపెట్లూ కొత్తవి వేసి, ఆయిల్ దారులన్నీ గాలి కొట్టి, కంపెనీ ఫిల్టర్ పెట్టి బిగించాం. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు శబ్దం వచ్చింది. ఖాళీ టాపెట్లలో ఆయిల్ నిండేదాకా అది మామూలే, కంగారు పడి మళ్లీ విప్పిన వాళ్లను చూశా. తర్వాత ఆగింది, ఆగే ఉంది.

ఆ పలుకు మొదటి ఫిల్టర్‌దా, రెండోదా అంటే మొదటిదే అనుకుంటున్నా. శబ్దం మొదలైంది మొదటిది ఉన్నప్పుడే. దాన్ని స్క్రాప్‌లో వేయకుండా ఉంటే "అనుకుంటున్నా" అనే మాట రాయాల్సిన పని ఉండేది కాదు. టాపెట్లు, ప్యాకింగులు, ఆయిల్ ఖర్చు నేను పెట్టుకున్నా. లేబర్ ఇస్తానన్నాడు, వద్దన్నా.

టీ పొయ్యి మీద పరీక్ష

ఆ పెట్టెలో ఇరవై ఫిల్టర్లు కొన్నా. తిరుపతిలోనే ఒక స్పేర్స్ షాపు. వాళ్లకు సరుకు చెన్నై నుంచి వస్తుంది, మా ఊళ్లో చాలా షాపులకు అంతే, అక్కడ స్పేర్స్ షాపులుండే జీపీ రోడ్డుకు ఫోన్ కొడితే మరుసటి రోజుకు పార్సిల్ దిగుతుంది. కంపెనీ ఫిల్టర్ ధరలో సగానికి తక్కువ పడింది. పద్నాలుగు వాడేశా, ఆరు మిగిలాయి. వాటిని కంపెనీ ఫిల్టర్‌తో, కార్లకు కూడా ఫిల్టర్లు చేసే పేరున్న ఒక తయారీదారు ఫిల్టర్‌తో పక్కపక్కన పెట్టి చూశా.

కాగితం మడతలు లెక్కపెడితే నా పెట్టెలోవాటికి కంపెనీదాని కన్నా మూడో వంతు తక్కువ. మడతలు తగ్గితే వడపోసే జాగా తగ్గుతుంది, తొందరగా నిండుతుంది. అయితే ఈ కేసులో బండిని ముంచింది అది కాదు. వెర్నియర్‌తో ఎత్తు కొలిస్తే నావి మిల్లీమీటరుకు కాస్త పైనే పొట్టి. అదీ ఒక్కోటి ఒక్కో ఎత్తు. కవర్ మూసినప్పుడు ఎలిమెంట్ రెండు చివరలా నొక్కుకొని కూర్చోవాలి. పొట్టిదైతే కూర్చోదు, ఊగుతుంది. ఊగే చోట రబ్బరు కూడా మెత్తబడితే ఆయిల్ కాగితం గుండా పోవాల్సిన పని లేకుండా అంచు పక్క నుంచి పోతుంది.

ఇక రబ్బరు. షెడ్డులో టీ పెట్టుకునే ఇండక్షన్ స్టవ్ మీద స్టీలు గిన్నెలో కొత్త 15డబ్ల్యూ50 పోసి, మూడు రకాల గ్రోమెట్లు వేసి, థర్మామీటర్ పెట్టి 110 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచా. ఇంజన్ ఆయిల్ మండే వేడి 200 డిగ్రీలకు పైనే కాబట్టి భయం లేదు, కానీ గిన్నె వదిలి ఎక్కడికీ పోకూడదు. ఆ రోజు టీ బయటి నుంచే తెప్పించుకున్నాం. సాయంత్రానికి కంపెనీది, పేరున్న తయారీదారుది వెర్నియర్‌కు అందేంత మారలేదు. నా పెట్టెలోది లోపలి రంధ్రం మిల్లీమీటరున్నర పెద్దదైంది, చేత్తో లాగితే చింతపండులా సాగింది. ఆయిల్‌కు తట్టుకునేది నైట్రైల్ రబ్బరు. మామూలు రబ్బరు ఆయిల్ తాగి ఉబ్బుతుంది. పెట్టెలోది ఏ రబ్బరో లేబరేటరీ చెప్పాలి గానీ, అది నైట్రైల్ లాగా ప్రవర్తించలేదు.

పేరున్న తయారీదారుది కూడా బయటి ఫిల్టరే, ఎన్‌ఫీల్డ్ డబ్బాలో వచ్చింది కాదు. అది అన్నిట్లోనూ కంపెనీదానికి దీటుగా నిలబడింది, ఒక్క మడతల లెక్కలో రెండు తక్కువ. అందుకే "బయటి ఫిల్టర్ వేస్తే ఇంజన్ పోయింది" అని ఎవరైనా అంటే నేను తల ఊపను. బయటిదంటే ఏది? ఐఎస్ఓ 4548 అని ఆయిల్ ఫిల్టర్లకు పరీక్షల వరుసే ఉంది. అందులో 12వ భాగం ఎంత చిన్న నలుసును ఎంత శాతం ఆపుతుందో కొలిచేది. ఆ పరీక్షలు చేయించే తయారీదారు బయటివాడైతే ఏం, లోపలివాడైతే ఏం? నా పెట్టె మీద తయారీదారు చిరునామా లేదు, తయారైన నెల, సంవత్సరం లేవు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం డబ్బా మీద తప్పనిసరిగా ఉండాల్సినవి అవి. కొన్న రోజు ఆ డబ్బా తిప్పి చూసి ఉంటే ఇంత కథ లేదు.

షాపాయన దగ్గరికి ఉబ్బిన రబ్బరు తీసుకుపోయి చూపించా. "రెండు పెట్టెలు అమ్మినా సామీ, నువ్వొక్కడివే వచ్చినావు" అన్నాడు. అతను అబద్ధం చెప్పాడని నేను అనను. ఎందుకో కింద ఉంది.

మిగతా పన్నెండు బళ్లు

పద్నాలుగు ఫిల్టర్లు పదమూడు బళ్లకు పడ్డాయి, చంద్రగిరి బండికే రెండు. మిగిలిన పన్నెండు మందికి ఫోన్లు చేశా. ఇద్దరు ఎత్తలేదు. ఒకాయన బెంగళూరు నుంచి దర్శనానికి బండి మీద వచ్చి, తిరుగు ప్రయాణానికి ముందు నా దగ్గర ఆయిల్ మార్పించుకున్నవాడు. ఆయనకు వాట్సాప్ పెట్టా. తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిదిటికీ ఊరికే ఫిల్టర్ మార్చా.

ఒక్క బండికీ శబ్దం లేదు. ఒక్క ఓనర్‌కూ ఫిర్యాదు లేదు. "బాగానే ఉండాది కదన్నా, ఎందుకు పిలిచినావు?" అన్నవాళ్లే అందరూ. కానీ తీసిన తొమ్మిదిట్లో నాలుగింటికి గ్రోమెట్ వదులు. రెండింటికి లోపల జిగురు ఊడడం మొదలైంది.

ఫిల్టర్ నిండిపోతే గానీ, కాగితం నలిగి మూసుకుపోతే గానీ ఆయిల్ దారి తగ్గుతుంది, ఇంజన్ ఏదో ఒక రకంగా అరుస్తుంది. బైపాస్ వాల్వు అందుకే పెడతారు. కొన్ని బళ్లలో ఫిల్టర్‌లోనే, కొన్నిట్లో ఇంజన్ కవర్‌లో. కాగితం అడ్డుపడితే వడపోయని ఆయిల్ అయినా పోనీ, ఎండకూడదని. కానీ రబ్బరు వదులైతే ఆయిల్‌కు అడ్డే ఉండదు. అంచు పక్క నుంచి హాయిగా పోతుంది. శబ్దం రాదు, వేడెక్కదు, లైటు వెలగదు. వడపోత మాత్రం జరగదు. ఓనర్‌కు తెలియదు, మెకానిక్‌కు తెలియదు, షాపుకు ఫిర్యాదు రాదు. పదివేల కిలోమీటర్ల తర్వాత బోరు అరిగితే ఏ ఆయిల్‌నో, ఏ ఘాట్ రోడ్డునో తిడతాం. చంద్రగిరి కుర్రాడి బండి టిక్కుమంది కాబట్టి నాకు ఇది దొరికింది. ఆ పలుకు టాపెట్‌లో పడకుండా ఇంకెక్కడికో పోయి ఉంటే నేను మిగిలిన ఆరూ కూడా వేసేవాణ్ణి.

ఈ సందులో ఒక మాట. స్ప్లెండర్ వాళ్లు కొందరు ఆయిల్ మార్చినప్పుడు "ఫిల్టర్ మార్చలేదే" అని గొడవ పడతారు. ఆ 100 సీసీ ఇంజన్‌లో కాగితం ఫిల్టరే లేదు నాయనా. క్రాంక్‌తో పాటు తిరిగే గిన్నె ఒకటి ఉంటుంది, ఆ వేగానికి బరువైన మడ్డి గిన్నె గోడకు అంటుకుంటుంది. దాంతో పాటు ఒక తీగల జల్లెడ. విప్పి కడగడమే. నకిలీ చేయడానికి అందులో ఏమీ లేదు.

ఇప్పుడు షెడ్డులో

ఫిల్టర్ డబ్బా విప్పగానే వేలితో గ్రోమెట్‌ను నలుదిక్కులా నొక్కి చూస్తాం. తిప్పితే తిరగకూడదు. లోపలి గొట్టంలోకి ఫోన్ టార్చ్ వేసి జిగురు పొంగి ఉందేమో చూస్తాం. కంపెనీ ఫిల్టర్ ఒకటి కొలతకు బల్ల మీదే ఉంటుంది, కొత్తది పక్కన నిలబెట్టి ఎత్తు సరిచూస్తాం. కంపెనీ డబ్బాలో వచ్చినా ఇదే పరీక్ష, ఎందుకంటే కంపెనీ డబ్బాను అచ్చు వేయడం రబ్బరు చేయడం కన్నా సులువు. కవర్ ఓ-రింగు ప్రతిసారీ కొత్తది. పాత ఫిల్టర్‌ను ఓనర్ ముందే కోస్తాం, రెండు నిమిషాల పని. బండి నంబరు, మీటర్ రాసి, కాగితాన్ని వారం రోజులు అట్టే పెడతాం.

పెట్టెలో మిగిలిన ఆరింటిలో రెండు కోశా, ఒకటి ఉడికించా, మూడు డ్రాయర్‌లో అగ్గిపెట్టె పక్కన ఉన్నాయి. చంద్రగిరి బండి ఇప్పుడు 52,000 దాటింది. వచ్చినప్పుడల్లా ఫిల్టర్ డబ్బా నా చేతిలోంచి తీసుకుని, ముందు రబ్బరు తనే నొక్కి చూసుకుంటాడు.

బెంగళూరాయన నుంచి జవాబు రెండు నెలలకు వచ్చింది. మాట ఒక్కటీ రాయలేదు, ఫొటో పంపాడు. వాళ్ల మెకానిక్ వేలు, ఆ వేలి కొసకు ఉంగరంలా వేలాడుతున్న నల్ల గ్రోమెట్.